బానెట్ మీద అరచెయ్యి

బాగుందని తను చెప్పిన బండిని బాగాలేదంటూ ఒకాయన వెనక్కి తెచ్చాడు. నాంచారయ్యకు ఒళ్లు మండింది.

తెచ్చినాయన గోవిందరాజులు గారు, లెక్కల మాస్టారు. పాత కారు కొనుక్కున్నాడు. కొనేముందు నాంచారయ్యకు చూపించి, అతను సరేనన్నాకే కొన్నాడు. ఇప్పుడొచ్చి, పొద్దున్నే స్టార్ట్ చేస్తే ఇంజిను టకటకా కొట్టుకుంటోందనీ, వెనకనుంచి నీలంగా పొగ వస్తోందనీ అంటున్నాడు.

నాంచారయ్య తాళంచెవి అందుకుని బండి స్టార్ట్ చేశాడు. చప్పుడు లేదు. పొగ లేదు. ఇంజిను మెత్తగా తిరుగుతోంది.

"ఏదండీ పొగ?"

"పొద్దున వచ్చిందయ్యా. ఇక్కడికి తెచ్చేసరికి పోయింది."

"నన్ను చూసి భయపడిందేమో లెండి."

షెడ్డులో ఉన్న నలుగురూ గొల్లున నవ్వారు. మాస్టారు మొహం చిన్నబోయింది. ఇంకేమీ అనకుండా బండెక్కి వెళ్లిపోయాడు.

బెజవాడ ఆటోనగర్లో మాది స్పేర్ పార్టుల షాపు. నాంచారయ్య షెడ్డు మా పక్కనే. పక్కవాడని పొగడటం కాదు గానీ, పాత బండిని చూడటంలో అతనంతటి వాడు మా దగ్గర లేడు. కొత్త రంగు కింద పాత దెబ్బ ఎక్కడుందో వేలితో తట్టి చెబుతాడు. మీటరు వెనక్కి తిప్పిన బండిని, క్లచ్ పెడల్ రబ్బరు అరుగుదల చూసి పట్టేస్తాడు. వరదలో మునిగిన బండిని ఎంత కడిగి తెచ్చినా, సీటు బెల్టు చివరిదాకా లాగి, లోపల దాక్కున్న బురద చార చూపిస్తాడు. అతనికి బండి చూపించకుండా అడ్వాన్సు ఇచ్చేవాళ్లు మా చుట్టుపక్కల తక్కువ.

ఆ పేరు వచ్చాకే షెడ్డు పెద్దదైంది. బండిని పైకెత్తే లిఫ్టు వచ్చింది. ఫ్యాను కింద గుండ్రంగా తిరిగే కుర్చీ వచ్చింది. గోడ మీద రంగుల్లో రాయించిన బోర్డు వచ్చింది. 'నాంచారయ్య చూశాడంటే చూసినట్టే.' అప్పటినుంచి నాంచారయ్య బండి దగ్గరికి వెళ్లటం మానేశాడు. ఎంతటివాళ్ల బండైనా షెడ్డుకే రావాలి. "డాక్టరు దగ్గరికి రోగి వస్తాడా, రోగి దగ్గరికి డాక్టరు వెళ్తాడా?" అనేవాడు కుర్చీలో ఒక చుట్టు తిరిగి.

ఆ సాయంత్రం అతను తన గురువు దగ్గరికి వెళ్లాడు. అడగటానికి కాదు, చెప్పుకోవటానికి.

గురువు పేరు కాలేషా. మేమంతా ఉస్తాద్ అంటాం. ఆటోనగర్లో ఇవాళ మెకానిక్కులమని చెప్పుకునే వాళ్లలో సగం మంది ఆయన చేతి దెబ్బలు తిన్నవాళ్లే. చూపు మందగించాక పని మానుకున్నాడు. మసీదుకెదురుగా టీ కొట్టు బల్ల మీద కూర్చుని, రోడ్డున పోయే బండ్ల చప్పుడు వింటూ ఉంటాడు. పోయిన బండికి ఏ రోగమో దాని వెనక దుమ్ము అణగకముందే చెప్పేస్తాడు.

"జనానికి బండి వాడుకోవటం తెలియట్లేదు ఉస్తాద్," అన్నాడు నాంచారయ్య. "కొనేదాకా ఒకటే కంగారు, కొన్నాక ఒకటే అనుమానం. ఈ మాస్టారొక్కడే కాదు, ఇంతకుముందు కొందరు ఇట్టాగే వచ్చారు. అందరిదీ ఒకటే పాట. పొద్దున పొగ, పొద్దున చప్పుడు. నా దగ్గరికి తెచ్చేసరికి ఏమీ ఉండదు."

"అందరిదీ ఒకటేనా?"

"ఒకటే ఉస్తాద్. ఒకళ్లకొకళ్లు చెప్పుకుని వస్తున్నట్టుంది."

కాలేషా టీ గ్లాసు కింద పెట్టాడు. "రేపు నీ షెడ్డుకొస్తాన్రా. కూర్చోటానికి ఏమన్నా ఉందా?"

"భలేవారే! తిరిగే కుర్చీ ఉంది."

"తిరక్కపోయినా పర్లేదు," అన్నాడు ఉస్తాద్.

మర్నాడు పొద్దున ఆయన వచ్చేసరికి షెడ్డు ముందు ఇద్దరు నిలబడి ఉన్నారు. దానియేలు, అతని భార్య రూతమ్మ.

దానియేలు డ్రైవరు. పెళ్లికి ముందునుంచీ ఊళ్లోవాళ్ల బండ్లు నడిపాడు. ఎవరో ఒకరి బండి తుడిచి, ఎవరో ఒకరి పిల్లల్ని దింపి, రాత్రికి తాళంచెవి ఇచ్చేసి నడిచి ఇంటికి పోయినవాడు. ఇప్పుడు సొంత బండి కొని టాక్సీ తిప్పుకోవాలని నిర్ణయించుకున్నాడు. ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని, చర్చికి వెళ్లేవాడిలా తయారై వచ్చాడు. రూతమ్మ ఆ బండి కోసం తన రెండు పాడి గేదెల్నీ అమ్మేసింది. ఇల్లు గడిచింది ఆ గేదెల మీదే. బండి మోసం చేసిందంటే ఇక ఇంట్లో పాలూ లేవు, పనీ లేదు.

కాసేపటికి బ్రోకరు చిట్టిబాబు తెల్ల కారు నడుపుకుంటూ వచ్చి దిగాడు. కారు ఎండలో తళతళలాడుతోంది. దానియేలు దాని చుట్టూ ఒకసారి తిరిగాడు, ముట్టుకోలేదు.

నాంచారయ్య ఆ రోజు పని చూపించిన తీరు నేను మా షాపు మెట్ల మీదనుంచి చూశాను. గురువు ఎదురుగా ఉన్నాడు కదా, ఒక్కొక్కటీ పైకి చెబుతూ చూశాడు. తలుపులకూ బాడీకీ మధ్య సందులో వేలు పెట్టి పై నుంచి కిందకి జార్చాడు. "సందు అంతా ఒకటేలా ఉంది, దెబ్బ తగల్లేదు." బోల్టుల తలలు చూశాడు. "పానా పడిన గుర్తు లేదు." చాసిస్ నంబరు తుడిచి, కాగితాలతో సరిచూశాడు. నాలుగు టైర్లమీదా తయారైన సంవత్సరం చదివాడు. సీటు బెల్టులు లాగాడు, వెనక సీట్లవీ వదల్లేదు. లిఫ్టు మీదకెక్కించి అడుగుభాగమంతా లైటు వేసి వెతికాడు. దింపి, రోడ్డు మీదకి తీసుకెళ్లి, స్టీరింగు మీద చేతులు వదిలి, బ్రేకు తొక్కి, వెనక్కి తెచ్చాడు.

"బండి బంగారం," అన్నాడు చేతులు తుడుచుకుంటూ. "దానియేలూ, కళ్లు మూసుకుని తీసుకో."

దానియేలు మొహం వెలిగిపోయింది. చిట్టిబాబు అప్పటికే అడ్వాన్సు కోసం చెయ్యి చాపుతున్నాడు.

రూతమ్మ అడిగింది, "అన్నయ్యా, పొద్దున్నే స్టార్ట్ అయిద్దా?"

"ఏంటమ్మా?"

"ఈయనకి తెల్లారకముందు స్టేషను బేరాలు ఉంటయ్. చీకట్లో లేచి తిప్పంగానే స్టార్ట్ అయిద్దా అని."

"ఇందాకటినుంచి నా చేతిలో ఎన్నిసార్లు స్టార్ట్ అయిందో చూశావు కదమ్మా," అన్నాడు నాంచారయ్య. గొంతులో విసుగు దాగలేదు.

అప్పటిదాకా గోడ పక్కన నిలబడ్డ కాలేషా మెల్లగా నడిచి కారు దగ్గరికి వచ్చాడు. బానెట్ మీద అరచెయ్యి ఆనించాడు. అలాగే ఉంచి శిష్యుడి వైపు చూశాడు.

"వేడిగా ఉంది."

"ఇప్పుడే కదా ఉస్తాద్ తిప్పుకొచ్చాను."

"నువ్వు తిప్పకముందు?"

"చిట్టిబాబు భవానీపురంనుంచి నడుపుకొచ్చాడు కదా. వేడిగా ఉండదా మరి?"

"ఉంటది," అన్నాడు ఉస్తాద్. లోపలికి వంగి తాళంచెవి లాగి జుబ్బా జేబులో వేసుకున్నాడు. "బానెట్ ఎత్తు. ఆ కుర్చీ ఇట్టా లాగు."

నాంచారయ్యకు ఏమీ అర్థం కాలేదు, కానీ ఉస్తాద్ మాట. బానెట్ ఎత్తాడు. ఫ్యాను కిందనుంచి తన కుర్చీ తెచ్చి కారు ముందు వేశాడు. కాలేషా కూర్చుని, కుర్చీ తిరక్కుండా నేల మీద కాళ్లు గట్టిగా ఆనించుకున్నాడు.

"ఏం చూస్తారు ఉస్తాద్?"

"ఏమీ చూడను. కూర్చుంటా."

చిట్టిబాబు నవ్వాడు. కాసేపయ్యాక నవ్వటం మానేశాడు. "పెద్దాయనా, నాకింకో పార్టీ ఉంది. తీసుకుంటే తీసుకోమనండి, లేకపోతే తాళం ఇవ్వండి."

"టీ తాగు," అన్నాడు కాలేషా.

"అది కాదండీ. బండి ఊరికే అట్టా పెడితే బ్యాటరీ దిగిద్ది. నడుమ నడుమ ఓసారి స్టార్ట్ చేసి పెడతా."

"ఇంకో టీ తాగు."

మధ్యాహ్నం ఉస్తాద్ నమాజుకు లేచినప్పుడు చిట్టిబాబు కళ్లు మెరిశాయి. కాలేషా జేబు తడిమి చూసుకుని మరీ వెళ్లాడు. తాళంచెవి కూడా నమాజుకు వెళ్లి వచ్చింది. వచ్చి మళ్లీ అదే కుర్చీలో కూర్చున్నాడు.

నాంచారయ్య షెడ్డులో అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఆ రోజు చూడాల్సిన ఇంకో రెండు బండ్లు బయట ఆగి ఉన్నాయి. అందరూ చూస్తున్నారు. తను బంగారమన్న బండిని గురువు నమ్మలేదని అందరికీ తెలిసిపోయింది. అదే అతన్ని ఎక్కువ బాధించింది. ఒకసారి మా మెట్ల దగ్గరికొచ్చి, "పెద్దవాడైపోయాడు, ఏదో చాదస్తం," అన్నాడు. నేను తల ఊపలేదు. ఆ ముసలాయన దండగ్గా కూర్చోవటం నేనెప్పుడూ చూడలేదు.

పొద్దు వాలుతుండగా కాలేషా రూతమ్మను పలకరించాడు. ఆమె పొద్దుటినుంచి గుమ్మం పక్కనే కూర్చుని ఉంది.

"గేదెల్ని ఎవరికమ్మావమ్మా?"

"ఉయ్యూరు అవతలోళ్లకి, సాయిబుగారూ."

"ఊరికే చూసి తోలుకుపోయారా?"

"అబ్బే, ఎట్టా పోతారు?" అంది రూతమ్మ. "సాయంత్రం పూట వచ్చారు. మా పాక దగ్గరే పడుకున్నారు. రెండు పూటలు దగ్గరుండి పాలు తీయించి, చెంబు చేత్తో పట్టుకుని చూసుకున్నాకే తోలుకెళ్లారు. సంతకి తెచ్చిన గొడ్డును నమ్మకూడదండీ. ఓ పూట పాలు తియ్యకుండా ఆపి తెస్తారు, పొదుగు ఇంతుంటది. దాని పాక కాడికే పోయి చూసుకోవాల."

"మరి నీ గేదెలు?"

"నా గేదెలకేమండీ!" ఆమె గొంతు ఒక్కసారిగా నిటారుగా లేచింది. "రెండు పూటలు కాదు, రెండు నెలలు కూర్చున్నా నా గేదెల్లో వంక దొరకదు."

కాలేషా నవ్వి ఊరుకున్నాడు. నాంచారయ్య నవ్వలేదు. తిరగటం ఆపి, రూతమ్మ వైపు, తర్వాత ఎత్తిన బానెట్ వైపు చూశాడు.

మా షాపులో లైట్లు వేసే వేళకు ఉస్తాద్ లేచాడు. ఇంజిను మీద అరచెయ్యి పెట్టాడు. నాంచారయ్య చెయ్యి పట్టుకుని దాన్ని కూడా పక్కనే పెట్టించాడు.

"ఎట్టా ఉంది?"

"చల్లగా ఉంది ఉస్తాద్."

జేబులోనుంచి తాళంచెవి తీసి ఇచ్చాడు. "ఇప్పుడు చూడు."

నాంచారయ్య తాళం తిప్పాడు. ఇంజిను గర్రుమంది గానీ అందుకోలేదు. మళ్లీ తిప్పాడు. మూలిగి మూలిగి అందుకుంది. అందుకోగానే లోపల టకటకా, ఇనప డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టు ఒకటే చప్పుడు. వెనక సైలెన్సర్లోంచి నీలం పొగ బుస్సున వచ్చి షెడ్డంతా కమ్ముకుంది. దానియేలు దగ్గుతూ పక్కకి జరిగాడు.

అలా చూస్తుండగానే ఇంజినుకు వేడి పట్టింది. పొగ పలచబడింది. టకటక తగ్గి తగ్గి ఆగిపోయింది. ఇంజిను మెత్తగా తిరగసాగింది. మళ్లీ బంగారమైపోయింది.

నాంచారయ్య స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. అంతకుముందు రోజు మాస్టారు చెప్పింది అక్షరం పొల్లుపోకుండా ఇదే. అంతకుముందు వచ్చినవాళ్లు చెప్పిందీ ఇదే. వాళ్లెవరూ అబద్ధం ఆడలేదు. అతని కుర్చీ దగ్గరికి రావటానికి ప్రతి బండీ కొంత దూరం నడవాలి. ఆ నడకలోనే వేడెక్కి, రోగం దాచుకుని వచ్చింది. అతను చూసినవన్నీ నిజమే. చూడనిదొక్కటే. షెడ్డు పెద్దదైన నాటినుంచి అతను ఒక్క బండినీ చల్లగా ఉండగా చూడలేదు.

చిట్టిబాబు తాళంచెవి తీసుకుని, ఎవరి మొహమూ చూడకుండా బండి తోలుకుని పోయాడు. రూతమ్మ కొంగు ఎత్తి కళ్లు తుడుచుకుంది. పొగకో, గేదెలమ్మిన డబ్బు ఊరికే పోకుండా నిలిచినందుకో నాకు తెలియదు. దానియేలు మాత్రం ఖాళీ అయిన చోటు వంక చూస్తూ నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా మీద మసి పడింది.

కాలేషా చెప్పులు వేసుకుంటున్నాడు. నాంచారయ్య వచ్చి ముందు నిలబడ్డాడు.

"ఉస్తాద్, మీ దగ్గర అన్నేళ్లు పని నేర్చుకున్నా. ఈ ఒక్క మాట ఎందుకు చెప్పలా?"

"చెప్పలేదు. తీసుకెళ్లాను."

నాంచారయ్యకు ఆ రోజులు గుర్తొచ్చాయి.

ఎవరు ఏ బండి చూడమన్నా, తెల్లారకముందే అతన్ని సైకిలు వెనక ఎక్కించుకుని వెళ్లేవాడు ఉస్తాద్. పటమటకీ, గుణదలకీ, ఒక్కోసారి కట్ట దాటి కృష్ణలంకకీ. బండిగలవాళ్లు నిద్ర లేవకముందే గేటు ముందు నిలబడేవాళ్లు. ఇంటివాళ్లు పళ్లు తోముకుంటూ బయటికొచ్చి తిట్టిన రోజులూ ఉన్నాయి. నాంచారయ్యకు అదంతా నామోషీగా ఉండేది. అప్పట్లోనే అనుకున్నాడు, పెద్దవాణ్ణయ్యాక బండ్లే నా దగ్గరికి వచ్చేట్టు చేసుకోవాలని.

"మనకి షెడ్డు లేక వెళ్లేవాళ్లం అనుకున్నా ఉస్తాద్," అన్నాడు చివరికి.

కాలేషా అతని భుజం మీద చెయ్యి వేశాడు, అదీ కాసేపే. తర్వాత టీ కొట్టు వైపు నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

మర్నాడు తెల్లవారుజామున లెక్కల మాస్టారు తలుపు తీసేసరికి గేటు బయట నాంచారయ్య నిలబడి ఉన్నాడు. పక్కన సైకిలు.

"మాస్టారూ, నిన్నగాక మొన్న మీతో తప్పుగా మాట్లాడాను. బండి స్టార్ట్ చెయ్యండి. నేను వినాలి."

మాస్టారు స్టార్ట్ చేశాడు. టకటక. నీలం పొగ. నాంచారయ్య తల వంచుకుని ఆ చప్పుడంతా విన్నాడు. ఆ రోజే ఆ ఇంజిను విప్పాడు. మాస్టారు జేబులో చెయ్యి పెడితే పెట్టనివ్వలేదు. అంతకుముందు తిట్టి పంపినవాళ్ల ఇళ్లకు కూడా అలాగే ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లాడు. కొందరు టీ ఇచ్చారు. ఒకాయన ఇంతెత్తున లేచాడు. ఆ తిట్లు కూడా నిలబడి తిన్నాడు.

ఆ వెనక దానియేలుకు బండి దొరికింది. గుణదల కొండ పక్క సందులో, ఒక రిటైరైన రైల్వే గార్డు గారి ఇంట్లో. నాంచారయ్య వాళ్లిద్దరినీ వెంటబెట్టుకుని చీకటి ఉండగానే వెళ్లాడు. నన్ను కూడా రమ్మన్నాడు, వెళ్లాను.

కారు పైకప్పు మీద మంచు నీళ్లుగా పట్టి ఉంది. నాంచారయ్య ఏదీ చూడకముందు బానెట్ మీద అరచెయ్యి పెట్టాడు. తర్వాత మోకాళ్ల మీద కూర్చుని, కారు కింద నేల మీద లైటు వేసి చూశాడు. ఒక్క నూనె చుక్క లేదు. లేచి, దానియేలుకు తాళంచెవి ఇచ్చాడు.

"నువ్వే తిప్పు."

తిప్పగానే అందుకుంది. పొగ లేదు, చప్పుడు లేదు. ఇంటి కుక్క కూడా లేవలేదు. రూతమ్మ బానెట్ మీద రెండు చేతులూ పెట్టి కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంది. ఆ తర్వాతే మిగతా తనిఖీలన్నీ నాంచారయ్య తాపీగా చేశాడు. ఒక్కటీ వదల్లేదు.

తిరిగి వచ్చేటప్పుడు దానియేలు సీటును ముందుకీ వెనక్కీ జరుపుకుని సరిచేసుకున్నాడు. అంతవరకు ఏ బండిలోనూ అలా జరుపుకోలేదట. అవన్నీ వేరేవాళ్ల కొలతకు ఉన్న సీట్లు. ఆ మాట చెబుతూ రోడ్డు మీద అందరికన్నా మెల్లగా, అందరికీ కనబడేలా నడిపాడు. రూతమ్మ వెనక సీట్లో మహారాణిలా కూర్చుంది.

షెడ్డు ఇప్పటికీ ఉంది. లిఫ్టూ ఉంది. బోర్డు మాత్రం తీసేశాడు. తిరిగే కుర్చీని మా షాపుకిచ్చాడు, ఇది రాస్తున్నది అందులో కూర్చునే. బండి చూడమని ఎవరడిగినా, "అడ్రసు చెప్పండి, తెల్లారకముందు వస్తా. రాత్రి దాన్ని కదిలించొద్దు," అంటాడు నాంచారయ్య.

మొన్న ఒక రోజు టీ కొట్టు దగ్గర ఒక కొత్త బ్రోకరు కాలేషాను ఆటపట్టించబోయాడు.

"ఏం ఉస్తాద్, మీ నాంచారయ్యకి ఏమైంది? అంత షెడ్డు పెట్టుకుని, చీకట్లో సైకిలేసుకుని ఇళ్ల గేట్ల ముందు నిలబడతన్నాడంట?"

కాలేషా గ్లాసు కింద పెట్టి, టోపీ సరిచేసుకున్నాడు.

"మరి వాడు ఎవరి శిష్యుడనుకున్నావ్?"